దేవుడే చూసుకుంటాడు కదా అన్న మీ ప్రశ్నకు

ప్రియమైన పిల్లలకు,

ప్రభువు పేరిట వందనాలు. పోయిన ఆదివారం సండే స్కూల్‌లో మీలో ఒకరు అడిగారు, "తాతయ్యా, దేవుడే అందర్నీ పోషిస్తాడంటారు కదా, మరి బీదవాళ్ళకు మనమెందుకు పెట్టాలి, ఆయనే చూసుకుంటాడుగా" అని. ఇంతలో ఆరాధనకు గంట కొట్టారు, సరిగా చెప్పలేకపోయాను. ఇంటికొచ్చినా మనసులో అదే మెదులుతోంది, అందుకే రాస్తున్నా.

ముందు మా ఇంటి సంగతి చెప్తాను. మా నాన్న వరంగల్ గంజ్‌లో హమాలీ. బస్తా మోస్తేనే కూలి, ముసురు పట్టిందంటే పని లేదు. మా అమ్మ వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఒక పిడికెడు తీసి డాల్డా డబ్బాలో వేసేది. ఆ డబ్బా దేవునిది, మేం ముట్టుకోవద్దు. నెలాఖరున చర్చిలో ఇస్తే అవి దిక్కులేని ముసలివాళ్ళకు వెళ్ళేవి. ఒక ఏడాది వాన వదల్లేదు, మూడో రోజుకు ఇంట్లో మక్క గట్క తప్ప ఏమీ మిగల్లేదు. డబ్బాలో మాత్రం కిలోకు కొంచెం తక్కువ బియ్యం ఉన్నాయి, ఈ పూట అవి వండుతుందిలే అని నేను ఆశగా చూస్తూ కూర్చున్నాను. అంతలో పక్కింటి ముసలమ్మ వచ్చి, కోడలు నిన్నటి నుంచి ఏమీ తినలేదని చెప్పింది. కోడలు బాలింత. అమ్మ ఇంకో మాట అడగకుండా డబ్బా మొత్తం ఆమె కొంగులో వంపేసింది. నేను ఏడ్చాను. "పచ్చి బాలింత బిడ్డా, ఆమె తినకపోతే పసిగుడ్డుకు పాలెట్ల వస్తయి, మనకు గట్క ఉంది గదా" అంది.

తెల్లారి మా గుమ్మంలో ఎవరూ బియ్యం బస్తా దించలేదు. గట్కే తిన్నాం, అది కూడా పల్చగా. ఐదో రోజు వాన తెరిపిచ్చింది, నాన్న పనికి పోయాడు. ఇది ఎందుకు ఇంత వివరంగా చెప్తున్నానంటే, వెయ్యి ఇస్తే పదివేలు తిరిగొస్తాయన్నట్టు కొందరు సాక్ష్యాలు చెప్తుంటారు, నాకది నచ్చదు, అది వడ్డీకిచ్చినట్టుంటుంది. బైబిల్లో సారెపతు అనే ఊరి విధవరాలి కథ మీకు తెలుసు. తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొంచెం నూనె, కరువు, అయినా ముందు ప్రవక్త ఏలీయాకు రొట్టె చేసి పెట్టింది. ఆ తర్వాత తొట్టి నిండిపోయిందని అక్కడ లేదు, పిండి తక్కువ కాలేదని ఉంది. ఏ రోజుది ఆ రోజుకు. నమ్మకమంటే నాకు తెలిసింది అదే, రేపటి భయంతో పిడికిలి బిగించుకోకపోవడం. ఇక మీ ప్రశ్నకు జవాబు: దేవుడు ఆ బాలింతను చూసుకున్నాడు, మా అమ్మ చేత్తో చూసుకున్నాడు.

ఎలా ఇవ్వాలన్నది కూడా పెద్ద విషయమే. పొలం అంచులు పూర్తిగా కోయొద్దు, పరిగె, అంటే కోతలో రాలిపడ్డ వెన్నులు, బీదలకు వదిలేయమని బైబిల్లో లేవీయకాండంలో ఉంది. రూతు అనే బీద విధవరాలు అలా పరిగె ఏరుకునే బతికింది, పైగా ఆ పొలం యజమాని బోయజు తన పనివాళ్ళతో, ఆమె కోసం కావాలనే పనల్లోంచి కొన్ని లాగి పడేయండి, ఆమెను గద్దించకండి అని చెప్పాడు. ఆమె చెయ్యి చాచే పని లేకుండా చేశాడు, అదీ మర్యాదంటే. మన మెదక్ చర్చి కూడా అలాగే లేచింది. కరువు రోజుల్లో మిషనరీ పోస్నెట్ దొరగారు ఆకలితో వచ్చినవాళ్ళకు కట్టడం పని ఇచ్చి తిండి పెట్టారు, 1924 క్రిస్మస్ నాడు అది ప్రతిష్ఠ అయింది. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లి సంగతి ఇంకా గొప్పది. కుష్ఠు వచ్చినవాళ్ళను ఊళ్ళు వెలివేసే కాలంలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ వాళ్ళ కోసం 1915లో అక్కడ ఆసుపత్రి పెట్టింది, దానికి పెద్ద మొత్తం ఇచ్చింది నర్సాగౌడ్ గారు, ఆయన హిందువు. సాయం దగ్గర నీది ఏ మతం అనే మాటే రాకూడదు పిల్లలూ. అన్నం పెట్టి చర్చికి రమ్మని షరతు పెట్టొద్దు, ఫొటో తీసి స్టేటస్‌లో పెట్టొద్దు, తీసుకునే మనిషి ముఖం ఒక్కసారి ఆలోచించండి.

ఒకసారి నేనూ తప్పు చేశాను. పెద్దాసుపత్రి బయట పులిహోర ప్యాకెట్లు పంచుతూ ఒక అవ్వ చేతిలో పెట్టబోతే, అప్పటికే ఆమె పక్కన మూడు ప్యాకెట్లు విప్పకుండా ఉన్నాయి. చేతిలో నలిగిపోయిన చీటీ. "ఇది సదివి చెప్పు కొడుకా, ఏ రూముకు పోవాల్నో పొద్దటిసంది తెలుస్తలేదు" అంది. స్కానింగ్ చీటీ అది. తీసుకెళ్ళి వరసలో నిలబెట్టడానికి పది నిమిషాలు పట్టలేదు. మేమెవరమూ ఆమెను ఏం కావాలమ్మా అని అడగలేదు. ఆ రోజు నుంచి ముందు అడుగుతున్నాను.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మళ్ళీ అక్కడికే వెళ్తున్నా. రావాలనుకున్నవాళ్ళు ఇంట్లో చెప్పి రండి. ఒక పెన్ను, ఫోన్ చార్జర్, మంచినీళ్ళ బాటిల్ తెచ్చుకోండి, చీటీలు చదవడం నేను నేర్పిస్తాను.

మీ తాతయ్య