పాత స్టీరియోకి ఖరీదైన డాక్: అపోహలు - వాస్తవాలు

నా బెంచ్ మీదకి వచ్చే ఆంప్లిఫయర్లు ఎక్కువగా 1970ల చివర, 80ల మొదట్లోవి. గల్ఫ్ నుంచి నాన్నో మేనమామో మోసుకొచ్చినవి, పాతికేళ్ళు అటక మీద ఉండి ఇప్పుడు కిందికి దిగుతున్నవి. దించినవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "అన్నా, దీనికి మంచి డాక్ ఏది, లక్ష దాకా పెడతా" అని. ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో అంకెల రూపంలో ఉన్న పాటని ఆంప్ పలికించగలిగే సిగ్నల్‌గా మార్చే డబ్బా కదా డాక్ (DAC) అంటే, లక్ష పెట్టినా తప్పులేదు, నేనూ ఒకసారి పెట్టాను. చిప్ ఏదని అందరూ అడుగుతారు, అవుట్‌పుట్ ఎన్ని వోల్టులని మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. అసలు తంటా అంతా అక్కడే.

అపోహ: "డాక్ పెట్టాక ఆంప్‌కి పవర్ పెరిగింది. నాబ్ కాస్త తిప్పితే చాలు, కిటికీలు అదురుతున్నాయి."

పవర్ పెరగలేదు. ఆ కాలం ఆంప్‌లు ట్యూనర్‌నీ క్యాసెట్ డెక్‌నీ దృష్టిలో పెట్టుకుని చేసినవి. ఆక్స్ సాకెట్‌లోకి (బయటి పరికరాలు గుచ్చే చోటు) 150 మిల్లీవోల్టులు వస్తే చాలు, నాబ్ మొత్తం తిప్పినప్పుడు ఫుల్ పవర్ ఇచ్చేస్తాయి. 1982లో సీడీ ప్లేయర్లు వచ్చాక 2 వోల్టులనే అలవాటు మొదలైంది, ఇప్పటి డాక్‌లు దాదాపు అన్నీ అంతే ఇస్తాయి. అంటే పదమూడు రెట్లు, డెసిబెల్స్‌లో 22 పైనే. మామూలు వాల్యూమ్ కంట్రోల్ సగం తిరిగేసరికి సిగ్నల్‌లో సుమారు పదో వంతు వదులుతుంది, 2 వోల్టుల్లో పదో వంతు 200 మిల్లీవోల్టులు, కాబట్టి నాబ్ పన్నెండు గంటల దగ్గరికి రాకముందే ఆంప్ చేతులెత్తేస్తుంది. ఆ పైన తిప్పితే వచ్చేది డిస్టార్షనే.

నష్టమేంటంటారా? నాబ్ ఎప్పుడూ ఏడుకీ తొమ్మిదికీ మధ్యే ఆడుతుంది. నలభై ఏళ్ళ కంట్రోల్‌లో కుడి, ఎడమ ట్రాకులు బాగా తేడాగా ఉండేది సరిగ్గా అక్కడే. పాట ఒక పక్కకి ఒరిగినట్టు వినిపిస్తే డాక్‌ని తిట్టుకుంటారు. రెండోది ఇంకా తమాషా. పాత ఆంప్‌కి లౌడ్‌నెస్ బటన్ ఉంటుంది కదా, చాలావాటిలో అది వాల్యూమ్ కంట్రోల్ నడుమ తీసిన ట్యాప్ (అదనపు కనెక్షన్) మీద ఆధారపడి పనిచేస్తుంది: నాబ్ కింద ఉంటే మెల్లగా వింటున్నారనుకుని బాస్ పెంచుతుంది, పైకి పోయేకొద్దీ ఆ పెంపు తగ్గించేస్తుంది. 2 వోల్టులు పోస్తే గది నిండా సౌండ్ ఉన్నా నాబ్ ఎనిమిది దగ్గరే ఉంటుంది, ఆ సంగతి లౌడ్‌నెస్‌కి తెలీదు పాపం, ఉన్న బాస్ అంతా గుమ్మరిస్తుంది. "ఈ డాక్‌కి బాస్ భలే ఉందన్నా" అని వచ్చే వాయిస్ మెసేజుల్లో చాలావాటికి కారణం ఆ బటనే. ఒకసారి ఆఫ్ చేసి వినండి అంటాను. తర్వాత మెసేజ్ రాదు.

మందు చవక. డాక్‌లోనే వాల్యూమ్ ఉంటే 10, 12 డీబీ (డెసిబెల్స్) తగ్గించి అలాగే వదిలేయండి. లేదంటే సిగ్నల్ తగ్గించే ఆర్‌సీఏ ఎటెన్యుయేటర్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి. సోల్డరింగ్ వస్తే అవీ అక్కర్లేదు, కోఠి గుజరాతీ గల్లీలో నాలుగు మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు కొనుక్కుని ఒక్కో ఛానల్‌కి 10 కిలోఓమ్స్ సిరీస్‌లో, దాని తర్వాత 3.9 కిలోఓమ్స్ గ్రౌండ్‌కి వేసి ఆంప్ వైపు పిన్ లోపలే పెట్టి మూసేయండి, 11 డీబీ దాకా తగ్గుతుంది. టీ ఖర్చు. నాబ్ మళ్ళీ మధ్యకి వస్తుంది, లౌడ్‌నెస్ కూడా దారికొస్తుంది.

అపోహ: డిజిటల్ వాల్యూమ్ తగ్గిస్తే బిట్లు పోయి పాట పాడవుతుంది.

ఒక బిట్ అంటే 6 డీబీ, 12 డీబీ తగ్గిస్తే రెండు బిట్లు. మీ పాట 16 బిట్లది, మంచి డాక్ లోపల లెక్క 24 లేదా 32 బిట్లలో జరుగుతుంది. కింద ఎనిమిది ఖాళీగానే ఉన్నాయి, రెండు పోతే పోనివ్వండి.

అపోహ: చిప్ గొప్పదైతే డాక్ గొప్పది.

2020 అక్టోబర్‌లో జపాన్‌లోని నొబెయోకాలో అసాహి కాసేయ్ చిప్ ఫ్యాక్టరీలో మంటలు లేచాయి. ఆ చిప్‌లు దొరక్క చాలా కంపెనీలు డిజైన్ మార్చి వేరే చిప్ పెట్టుకున్నాయి. చిప్పే పాటకి ప్రాణమైతే ఆ మార్పుకి గగ్గోలు పుట్టాలి. చిప్ తర్వాత వచ్చే ఆప్-ఆంప్ సర్క్యూట్, పవర్ సప్లై, బోర్డు వేసిన తీరు, వీటికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. పైగా ఒక చిన్న లెక్క చూడండి. మంచి డాక్‌లో నాయిస్ పాట కన్నా 120 డీబీ కింద ఉంటుంది. సీడీకే 96. మీ ఆంప్ సర్వీస్ మాన్యువల్ తెరిస్తే ఆక్స్‌కి 80, 90 డీబీ ప్రాంతంలో రాసి ఉంటుంది, అదీ కొత్తలో, కెపాసిటర్లు ఎండిపోకముందు. 120 డీబీ డాక్‌నీ 110 డీబీ డాక్‌నీ ఆ ఆంప్ వెనక నిలబెడితే రెండూ ఆంప్ బుస్సు కిందే మునిగిపోతాయి.

"మరి నాకు తేడా వినిపించింది కదా" అంటే, వినిపించిందనే నమ్ముతాను. కాకపోతే సౌండ్ ఎక్కువున్నది ఎప్పుడూ బాగున్నట్టే అనిపిస్తుంది, అర డీబీ చాలు. నేను నా లక్ష రూపాయల డాక్‌నీ వెయ్యి లోపు యూఎస్‌బీ డాంగిల్‌నీ పోల్చినప్పుడు ముందు స్పీకర్ టెర్మినల్స్ దగ్గర వోల్టేజ్ ఒక్క శాతం తేడాకి సమం చేశాను (100 హెర్ట్జ్ టోన్‌తో చేయండి, చవక మల్టీమీటర్లు పై ఫ్రీక్వెన్సీల్లో ఏసీ సరిగ్గా చూపించవు), తర్వాత మా ఆవిడ నాకు కనపడకుండా వైర్లు మార్చింది. ఇరవైలో పదకొండు సరిగ్గా చెప్పాను. వారం రోజులు ఆ లక్ష గురించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడకపోవడం వాళ్ళ మంచితనం. అమెరికాలో మేయర్, మోరాన్ అనే ఇద్దరు 2007లో ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ జర్నల్‌లో దీని కన్నా పెద్ద పరీక్షే రాశారు, హై-రెజల్యూషన్ (సీడీ కన్నా మెరుగైన రికార్డింగ్) ప్లేబ్యాక్ మధ్యలో సీడీ స్థాయి 16 బిట్ల మెట్టు ఒకటి దూర్చి గుర్తుపట్టమన్నారు: 554 ప్రయత్నాల్లో 276 సరైనవి. బొమ్మా బొరుసూ వేసినట్టే.

అపోహ: ఓవర్‌శాంప్లింగ్ (శాంపిళ్ళ మధ్య కొత్తవి లెక్కకట్టి నింపి ఫిల్టర్ చేయడం) లేని పాతకాలం డాక్ అయితేనే పాత ఆంప్‌కి జోడీ, వార్మ్‌గా పలుకుతుంది.

ఆ వార్మ్‌కి లెక్క ఉంది. ఫిల్టర్ లేకుండా 44.1 కిలోహెర్ట్జ్ పాట వేస్తే 20 కిలోహెర్ట్జ్ దగ్గర 3 డీబీ పడిపోతుంది. ట్రెబుల్ నాబ్ కొంచెం ఎడమకి తిప్పినట్టు. ఆ నాబ్ మీ ఆంప్‌కి ముందే ఉంది, ఫ్రీగా.

బ్యాలెన్స్‌డ్ (మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్) అవుట్‌పుట్ కోసం అదనంగా డబ్బు పెట్టకండి, మీ ఆంప్ వెనక దాన్ని గుచ్చే చోటే లేదు. ఫోనో సాకెట్‌లో డాక్ గుచ్చి "పగిలిపోతోంది" అనేవాళ్ళూ ఉన్నారు, అది రికార్డ్ ప్లేయర్ సూది ఉండే, రెండు మూడు మిల్లీవోల్టుల కార్ట్రిడ్జ్ కోసం పెట్టిన సాకెట్, టేప్ ఇన్‌పుట్ వాడండి. గ్రుండిగ్ లాంటి జర్మన్ సెట్లకి ఐదు పిన్నుల డిన్ సాకెట్ ఉంటే టేప్ సాకెట్‌లో 3, 5 పిన్నులు ప్లేబ్యాక్‌కి, 2 గ్రౌండ్.

అపోహ: ప్రీ-ఆంప్ (వాల్యూమ్, టోన్ నాబ్‌లు ఉండే ముందు భాగం) తప్పించి డాక్‌ని నేరుగా మెయిన్-ఇన్‌కి (పవర్ భాగం ఇన్‌పుట్) ఇస్తే సౌండ్ స్వచ్ఛం.

ఇది వింటే నాకు బీపీ వస్తుంది. వెనక ప్రీ-అవుట్, మెయిన్-ఇన్ మధ్య జంపర్లు ఉండే ఆంప్‌లలో ఈ పని చేయొచ్చు, మొదట్లో బాగానే ఉంటుంది కూడా. ఒకాయన అలాగే చేశాడు. ఒకరోజు కరెంటు పోయి వచ్చింది, ఆయన డాక్ వాల్యూమ్ సెట్టింగ్ మర్చిపోయి నూటికి నూరుతో లేచింది. రెండు ట్వీటర్లు కాలిపోయాయి, ఆ మోడల్‌కి స్పేర్లు ఎక్కడా దొరకలేదు. మధ్యలో చేత్తో తిప్పే నాబ్ ఒకటి ఉండనివ్వండి.

హమ్ (స్పీకర్లలో ఆగకుండా వచ్చే గుయ్ మనే మోత) సంగతి కూడా ఇక్కడే చెప్తాను, ఎందుకంటే హమ్ వస్తే అందరూ ఇంకా ఖరీదైన డాక్ కొంటారు. నాబ్ సున్నా చేసి, డాక్ వైరు పీకినా హమ్ ఉంటే అది ఆంప్‌దే, పవర్ సప్లై కెపాసిటర్లు చూపించుకోండి. వైరు పీకగానే పోతే గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాల గ్రౌండ్‌లు వైర్ల ద్వారా చుట్టులా కలిసిపోవడం. ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద పెట్టి వినండి, పోయిందా, అయితే దోషి చార్జర్. ఆప్టికల్ కేబుల్‌తో ఇవ్వండి, దాంట్లో పోయేది వెలుగే కాబట్టి గ్రౌండ్ కలవదు. అందుకే డాక్ కొనేటప్పుడు చిప్ పేరు కన్నా ముందు ఆప్టికల్ ఇన్‌పుట్ ఉందా అని చూస్తాను. హమ్ పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ విరిచేసేవాళ్ళకి మాత్రం నేను సర్వీస్ చేయను, ఆంప్ బాడీ ముట్టుకుంటే జిల్లుమంటున్నా పాటలు వినాలా?

నాకు లక్ష ఇచ్చి ఖర్చు పెట్టమంటే ముందు ఆంప్ విప్పిస్తాను. కెపాసిటర్లు, బయాస్, స్పీకర్ టెర్మినల్స్ దగ్గర డీసీ, సెలెక్టర్ కాంటాక్టులు. ఆ తర్వాత స్పీకర్ల సరౌండ్ ఫోమ్ పొడి అయిపోయిందేమో చూస్తాను. మిగిలిన దాంట్లో పది పదిహేను వేల డాక్: ఆర్‌సీఏ అవుట్‌పుట్, దాంట్లోనే వాల్యూమ్, ఆప్టికల్. ఇంకా మిగిలితే మంచి ఫైళ్ళు. ఘంటసాల పాటల్లో చాలావరకు మోనో రికార్డింగులే, వాటిని 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ అని ఎవరైనా అమ్మితే కొనే ముందు మీ ఆంప్ మీద మోనో అని ఒక స్విచ్ ఉంటుంది, అది నొక్కి మామూలు సీడీ కాపీ వినండి. రెండు ఛానళ్ళు కలిశాక టేపు బుస్సులో కొంత తగ్గుతుంది, గొంతు వచ్చి నడిమధ్యలో నిలబడుతుంది.