కాకినాడకు నాలుగో ర్యాంకు వచ్చింది సరే, అందులో సముద్రం ఎక్కడుంది?

మా బాబాయి ఈమధ్యే రిటైరయ్యారు, కాకినాడలో ఫ్లాటు చూస్తున్నారు. "దేశంలోనే నాలుగో ర్యాంకట్రా, గవర్నమెంటు లెక్కే" అని ఒక పాత వార్త పంపారు. వార్త నిజమే. 2021 మార్చిలో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ విడుదల చేసిన, ఊళ్లు ఎంత ఉండదగ్గవో కొలిచే ఈజ్ ఆఫ్ లివింగ్ సూచీలో, పది లక్షల లోపు జనాభా ఉన్న 62 నగరాల్లో సిమ్లా, భువనేశ్వర్, సిల్వాసా తర్వాత కాకినాడే. కాకపోతే ఆ నాలుగు అనే అంకె ఎలా తయారైందో తెలియకుండా దాన్ని చూసి ఇల్లు కొనేస్తే ఎలా, అందుకని కూర్చుని ఇది రాస్తున్నా.

కథ స్మార్ట్ సిటీలతో మొదలైంది. 2015 జూన్‌లో ఆ పథకం పెట్టారు, 2016 జనవరిలో ప్రకటించిన మొదటి 20 నగరాల్లో విశాఖతో పాటు కాకినాడ పేరూ ఉంది. డబ్బులిస్తున్నాం కదా, ఊళ్లు ఏమైనా బాగుపడ్డాయా లేదా అని కొలవాలి, ఆ కొలత కోసం 2017లో ప్రమాణాలు రాసుకుని 2018 ఆగస్టులో మొదటి ర్యాంకులు వదిలారు. అప్పుడు పుణె మొదటిది, మన తిరుపతి నాలుగు, విజయవాడ తొమ్మిది. ఆ ఏడాది నూరు మార్కుల్లో రోడ్లు, నీళ్లు, ఇళ్ల లాంటి భౌతిక సదుపాయాలకే 45 ఇచ్చారు. ఆర్థికానికి 5 మాత్రమే. అంటే ఊళ్లో ఉద్యోగాలున్నాయా లేదా అన్నది అయిదు మార్కుల ప్రశ్న!

రెండోసారికి, అంటే 2021లో విడుదలైన 2020 సూచీకి, లెక్క మొత్తం మార్చేశారు. జీవన నాణ్యతకు 35, ఆర్థికానికి 15, సుస్థిరతకు 20, మిగతా 30 జనం అభిప్రాయానికి. మార్కుల పంపకం మారితే ర్యాంకులూ మారతాయి, ఊరు అక్కడే ఉన్నా సరే. కాబట్టి 2018 ర్యాంకునూ 2020 ర్యాంకునూ పక్కపక్కన పెట్టి "పైకెళ్లాం, కిందికొచ్చాం" అని వాదించుకోవడం దండగ.

ఆ అభిప్రాయ సర్వే సంగతి కొంచెం చూడాలి, ఎందుకంటే కాకినాడకు బాగా కలిసొచ్చింది అక్కడే. 111 నగరాల్లో 32 లక్షల మందికి పైగా పాల్గొన్న ఆ సర్వేలో ఎక్కువ మార్కులు వచ్చిన మొదటి నాలుగు ఊళ్లు భువనేశ్వర్, సిల్వాసా, దావణగెరె, కాకినాడ. సర్వే జరిగింది 2020 జనవరి 16 నుంచి మార్చి 20 దాకా. జనవరి 16 అంటే ఆ ఏడాది కనుమ. గోదావరి జిల్లాల్లో కనుమ రోజు మొదలుపెట్టి "మీ ఊరు ఎలా ఉందండీ" అని అడిగితే ఎవరు బాగాలేదంటారు? ఇది సరదాకి అన్నా, సీజను మాత్రం సరదా కాదు. మా తీరానికి తుపాను గండం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఉక్కపోత మే నెలలో. ఆ సర్వేకి దొరికింది రెండింటికీ మధ్య ఉండే చల్లని రెండు నెలలు. అదీ కాక తేడాలు చూడండి: సిమ్లాకు 60.90, కాకినాడకు 56.84, అయిదో స్థానంలో ఉన్న సేలానికి 56.40. అర మార్కు కూడా లేని తేడాకి ఊళ్ల మధ్య పోటీ పెట్టేశాం.

ఇంకో చిక్కు హద్దులది. ర్యాంకు కార్పొరేషన్‌కి ఇస్తారు. 2011 జనాభా లెక్కల్లో కాకినాడ నగరం 3.12 లక్షలు, చుట్టుపక్కల కలిసిపోయిన ఊళ్లతో లెక్కేస్తే 4.4 లక్షల పైచిలుకు. వాకలపూడి లాంటి ఊళ్లు రూరల్ మండలం కింద ఉన్నాయి, ఎరువుల ఫ్యాక్టరీ ఉన్నదీ అటువైపే. గాలికి మండలం హద్దు తెలియదు కదా. పైగా 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు కోవిడ్ వల్ల ఆగిపోయి 2027కి వెళ్లాయి కాబట్టి, తలసరి నీళ్లు, తలసరి ఆసుపత్రి పడకలు అని ఏది కనిపించినా కింద భాగించిన తలలు 2011వో, వాటి మీద వేసిన అంచనావో అన్నమాట.

ఇక సముద్రం. కాకినాడ రేవుగా ఎదగడానికే కారణం ఉప్పెన. దక్షిణాన కోరంగి ఒకప్పుడు పెద్ద ఓడరేవు. 1789లో ఒక ఉప్పెన దాన్ని ముంచేసింది. సైక్లోన్ అనే మాట పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ దాని గురించి రాశాడు కూడా. తర్వాత 1839 నవంబరులో ఇంకోటి కొట్టాక ఆ రేవు మళ్లీ లేవలేదు, వ్యాపారం కాకినాడకు చేరింది. గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండొందల ఏళ్లలో పెరిగిన హోప్ ఐలాండ్ అలలకు అడ్డం పడుకుని ఊరికి గోడలా నిలబడింది. దాని వెనక కోరంగి మడ అడవులు. 1996 నవంబరు 6 తుపాను కోనసీమను తుడిచిపెట్టిన సంగతి మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ నిన్నమొన్న జరిగినట్టే చెబుతారు.

హోప్ ఐలాండ్ గోడ నీడ కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ దాకా అందదు. జాందానీ చీరల ఉప్పాడలో ఇళ్లు, గుళ్లు, రోడ్డు సముద్రంలో కలిసిపోతూనే ఉన్నాయి. 2010 ప్రాంతంలో వేసిన జియోట్యూబ్ (ఇసుక నింపిన పెద్ద గొట్టం సంచుల) గోడ కూడా అలలకు నిలవలేదు. అయినా రాష్ట్రం మొత్తం సగటు తీస్తే భయమేమీ కనిపించదు: 1990 నుంచి 2018 దాకా జరిగిన జాతీయ అధ్యయనంలో దేశం తీరంలో 33.6 శాతం కోతకు గురైతే ఆంధ్రప్రదేశ్‌లో 28.7 శాతమే, పైగా మనకు పోయిన తీరం కన్నా ఇసుక మేటవేసి పెరిగిన తీరమే ఎక్కువ. ఉప్పాడ మత్స్యకారుడికి ఆ సగటు చెప్పి చూడండి. ఉప్పాడ కార్పొరేషన్‌లో లేదు కాబట్టి ర్యాంకులోనూ లేదు. సూచీలో విపత్తులను తట్టుకునే శక్తి అని ఒక శీర్షిక ఉంది గానీ, తీరం ఏటా ఎన్ని మీటర్లు తగ్గింది, పోటు సమయంలో వాన పడితే డ్రైన్లు ఎంతసేపు వెనక్కి తన్నుతాయి లాంటి ప్రశ్నలు అందులో లేవు. సిమ్లాకీ కాకినాడకీ ఒకే ప్రశ్నపత్రం మరి.

నన్నడిగితే కాకినాడ ఉండదగ్గ ఊరే. తిన్నగా గీసినట్టుండే వీధులు, చదువులకు జేఎన్‌టీయూ, వైద్యానికి 1958 నాటి రంగరాయ మెడికల్ కాలేజీ, తినడానికి కాజా. పెన్షనర్ల స్వర్గం అన్న పేరు ఏ సూచీ రాకముందు నుంచే ఉంది. అసలు ఇబ్బందల్లా నేల మట్టం. ఊరు మొత్తం సముద్రానికి రెండు మీటర్లు అటూ ఇటూ ఎత్తులో ఉంటుంది, మురుగు వెళ్లాల్సింది ఉప్పుటేరులోకి, ఆ ఏటికి పోటూ పాటూ రెండూ ఉన్నాయి.

బాబాయికి ఇదంతా చెప్పాను. "అయితే కొనొద్దంటావా" అన్నారు. కొనమనే చెప్పా. కాకపోతే అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వకుండా నవంబరులో పోటు ఎక్కువగా ఉండే ఒక అమావాస్య రోజు, వాన పడుతున్నప్పుడు, పోటు వేళ చూసుకుని వెళ్లి ఆ అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఒక అరగంట నిలబడి రమ్మన్నా.