బడిలో మౌనం గురించి

ప్రియమైన పిల్లలకు,

బడిలో రోజూ కాసేపు మౌనం పాటించమంటున్నారు, అది మంచిదేనా అని అడిగారు. మంచిదే, అది శిక్ష కానంతవరకు.

మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో చిన్నపిల్లల బడి తెరిచారు. ఒకసారి ఆవిడ నాలుగు నెలల పసిపాపను క్లాసులోకి తెచ్చి, ఈ పాపంత నిశ్శబ్దంగా మీరు ఉండగలరా అన్నారట. పిల్లలు పంతం పట్టి కదలకుండా కూర్చున్నారు. అదే తర్వాత ఆటయింది. టీచరు దూరం నుంచి ఒక్కొక్కరి పేరూ గుసగుసగా పిలుస్తారు, పేరు వినపడినవాళ్లు చప్పుడు కాకుండా లేచి వెళ్లాలి. ఇలాంటి మౌనంలో పనంతా చెవులదే. అందుకే విసుగు పుట్టదు.

చప్పుడు చదువుని పాడుచేస్తుందన్నది నిజం. న్యూయార్క్‌లో రైలు పట్టాల పక్కనున్న ఒక బడిని 1970లలో ఆర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ అనే సైకాలజిస్టు పరిశీలించారు. పట్టాల వైపు గదుల్లోని ఆరో తరగతి పిల్లలు, అవతలి వైపు గదుల వాళ్లకంటే చదవడంలో దాదాపు ఏడాది వెనకబడ్డారు. పట్టాల కింద రబ్బరు వేసి, గదుల్లో శబ్దాన్ని పీల్చే పలకలు బిగించాక ఆ తేడా పోయింది. చూశారా, తగ్గించింది రైలు మోతని, పిల్లల మాటల్ని కాదు!

మౌనం టీచర్లకీ అవసరమే. ప్రశ్న అడిగాక మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయనీ, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడతారనీ మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు గమనించారు.

ఇక నష్టాలు. అడగందే అమ్మయినా పెట్టదంటారు. డౌటు అడగని పిల్లాడికి పాఠం అర్థం కాలేదని టీచరుకి ఎలా తెలుస్తుంది? అసలే బిడియస్తుడైతే మరీ కష్టం. బుద్ధిమంతుడని అందరూ మెచ్చుకుంటారు, వాడేమో లోపల టెన్షన్‌తో కూర్చుంటాడు. కొత్త భాష మాట్లాడకుండా రాదు. పైకి చదివిన మాటలు మనసులో చదివినవాటికంటే బాగా గుర్తుంటాయి కూడా. అల్లరి చేశారని గంటసేపు నోరు మూయిస్తే నేర్చుకునేది భయమే.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఇంకోటి. ఒకణ్ణి నలుగురు ఏడిపిస్తుంటే చూస్తూ ఊరుకోవడం. అక్కడ మాత్రం మౌనం అర్ధాంగీకారమే. మౌనం పీరియడ్ నడుస్తున్నా సరే, ఎవరైనా ఏడిపించినా, ఒంట్లో బాగోకపోయినా వెంటనే చెప్పేయండి.

మౌనం అయ్యాక కొంచెంసేపు మాట్లాడుకోనిమ్మని మీ టీచర్‌ని అడిగి చూడండి. ఏమన్నారో నాకు రాయండి.

మీ తాతయ్య