బౌలింగ్ బాల్ అపోహలు - వాస్తవాలు: ముందు బొటనవేలు, తర్వాతే బరువు

మొన్న ఆదివారం గాజువాక నుంచి ఒక కుటుంబం బౌలింగ్ (బరువైన బాల్ దొర్లించి పది పిన్స్ పడగొట్టే ఆట) ఆడటానికి వచ్చింది. స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరైన పెద్దాయన, కొడుకు, కోడలు, మనవడు. రెండో గేమ్ సగంలో ఉండగానే పెద్దాయన కుర్చీలో కూలబడి మణికట్టు నొక్కుకుంటున్నారు. "వయసైపోయింది బాబూ, ఇది నావల్ల అయ్యే ఆట కాదు" అన్నారు. ఆయన బాల్ తీసి చూశాను. 12 పౌండ్లు. ఆయనకు అది పెద్ద బరువేం కాదు. బొటనవేలి హోల్‌లో మాత్రం ఆయన వేలు పెట్టాక కూడా నా చిటికెనవేలు దూరేంత ఖాళీ ఉంది.

విశాఖలో ఈ ఆట నేర్పుతున్నాను. వారం తిరిగేలోగా ఇలాంటి చెయ్యి ఒకటైనా చూస్తాను. అందుకే అన్నిటికంటే ముందు దీని గురించే చెప్తాను.

అపోహ: హోల్ వదులుగా ఉంటే బాల్ సులువుగా వదులుతుంది, వేలు ఇరుక్కోదు.

వాస్తవం: జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. వదులు హోల్‌లో బాల్ జారిపోతుందని చేతికి ముందే తెలిసిపోతుంది. మనకు తెలియకుండానే బొటనవేలిని లోపల వంచి, బాల్‌ని పిసికి పట్టుకుంటాం. ఆ వంగిన వేలే ఇరుక్కుంటుంది. "వేలు పట్టేస్తోంది సార్, ఇంకా పెద్ద హోల్ ఉన్నది ఇవ్వండి" అని వచ్చేవాళ్ల బొటనవేలు తిప్పి చూడండి, కణుపు మీద ఎర్రగా గీత పడి ఉంటుంది. ఆ తర్వాత మణికట్టు, ముంజేయి పట్టేస్తాయి. తప్పు బాల్‌ది, వయసుది కాదు.

చూసుకోవడం ఇలా. బొటనవేలిని మొదలు దాకా పెట్టండి. చుట్టూ హోల్ గోడ తగులుతుండాలి, చెయ్యి తీస్తే మాత్రం లాగక్కర్లేకుండా బయటికి రావాలి. వేలు లోపలే ఉంచి, మధ్యవేలు, ఉంగరపు వేలు వాటి హోల్స్ మీద చాపి పరవండి. కొన నుంచి లెక్కపెడితే రెండో కణుపు గీత, హోల్ దగ్గరి అంచును సుమారు పావు అంగుళం దాటాలి. అంచు దాకా రాకపోతే స్పాన్, అంటే బొటనవేలి హోల్‌కీ మిగతా వేళ్ల హోల్స్‌కీ మధ్య దూరం, ఎక్కువైంది, అరచెయ్యి సాగిపోతుంది. మరీ దాటిపోతే తక్కువైంది, మళ్లీ పిసకడమే.

ఆడేచోట అందరికీ ఇచ్చే హౌస్ బాల్స్‌తో ఇంకో చిక్కు ఉంది. చాలా చోట్ల తేలిక బాల్స్‌కి పిల్లల వేళ్లకు తగ్గ చిన్న హోల్స్, బరువైన వాటికి పెద్ద హోల్స్ వేస్తారు. లావు వేళ్లున్నవాళ్లకు 10 పౌండ్లలో వేలు పట్టక 15 పట్టుకుంటారు. సన్నటి వేళ్ల అమ్మాయిలకు బరువు సరిపోయినా హోల్ వదులే. బాల్స్ పెట్టే ఒక్క రాక్ చూసి ఆగకండి, పక్క లేన్ల (బాల్ దొర్లించే దారుల) వెనక కూడా తిరగండి. ఒకే బరువులో కూడా హోల్స్ తేడాగా ఉంటాయి.

నేర్చుకునే రోజుల్లో నాకూ చెయ్యి నొప్పే. బలం చాలక అనుకుని హ్యాండ్ గ్రిప్పర్ కొనుక్కుని నెలల తరబడి నొక్కాను, నొప్పి పెరిగింది. హైదరాబాద్‌లో ఒక సీనియర్ నా బొటనవేలు చూసి, ఏం మాట్లాడకుండా వదులు తగ్గేలా నా బాల్ హోల్‌లో రెండు ముక్కలు టేప్ అంటించారు. ఆ వారంలోనే నొప్పి పోయింది. మన ఊరి ఉక్కపోతలో చెమట పట్టి, ఆడుతుండగా వేలు ఉబ్బి, మొదటి గేమ్‌లో సరిపోయిన హోల్ మూడో గేమ్‌కి బిగుతు కావచ్చు. సొంత బాల్ ఉన్నవాళ్లు టేప్ వేస్తూ తీస్తూ ఉండేది ఇందుకే. మిగతావాళ్లు కనీసం తువ్వాలు దగ్గర పెట్టుకోండి.

అపోహ: ఒంటి బరువులో పదో వంతు బాల్ తీసుకోవాలి.

వాస్తవం: 80 కిలోల మనిషికి 8 కిలోల బాల్ కావాలి మరి, అదెక్కడ దొరుకుతుంది? రూల్ ప్రకారం గరిష్ఠం 16 పౌండ్లు, అంటే ఏడుంబావు కిలోలు. బాల్ పట్టుకుని చెయ్యి కిందికి వేలాడదీసి గడియారం లోలకంలా ఊపండి. భుజం కిందికి లాగితే ఒక పౌండు తగ్గించండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గట్టిగా విసిరితే పిన్స్ ఎక్కువ పడవు, సరైన చోట తగిలితే పడతాయి. 60 అడుగుల దూరంలోని పిన్స్‌ని కాకుండా, ఫౌల్ లైన్‌కి (బాల్ వేసేటప్పుడు దాటకూడని గీతకి) సుమారు 15 అడుగుల్లో ఉన్న బాణం గుర్తుల్ని చూసి వేయండి. నున్నటి ప్లాస్టిక్ హౌస్ బాల్‌తో హుక్ (బాల్ పక్కకు వంపు తిరగడం) తిప్పాలని మణికట్టు మెలితిప్పకండి, లేన్‌కి పూసే ఆయిల్ మీద అది పెద్దగా తిరగదు. స్ట్రైక్ (మొదటి బాల్‌కే పదీ పడటం) పడలేదని టెన్షన్ వద్దు: గేమ్‌లోని పది వంతుల్లో, అంటే ప్రతి ఫ్రేమ్‌లో తొమ్మిది పడగొట్టి, మిగిలిన ఒక్కటీ రెండో బాల్‌తో పడగొట్టి స్పేర్ చేసి, ఆఖర్న అదనంగా వచ్చే బాల్‌కి కూడా తొమ్మిది పడగొడితే, ఒక్క స్ట్రైక్ లేకుండా 190 వస్తుంది.

పెద్దాయనకి మూడో లేన్ వెనక రాక్‌లో 11 పౌండ్ల బాల్ ఒకటి దొరికింది. వేలు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి చూసుకున్నారు. వదిలినప్పుడు ధబ్‌మని పడలేదు, లేన్ మీద దొర్లుకుంటూ వెళ్లి ఏడు పిన్స్ తీసింది. మూడో గేమ్‌కి ముందు ఆయనే మనవడిని పిలిచి, వాడి బాల్‌లో బొటనవేలు పెట్టించి చూశారు. వదులుగా ఉంది. ఇద్దరూ కలిసి రాక్‌ల వైపు వెళ్లారు.