తూము మూసిన నాటి నుంచి: హైదరాబాద్ చెరువుల కథ

హైదరాబాద్ చెరువుల పతనం వాటి కింద సాగు ఆగిపోవడంతో మొదలైంది. ఇవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే కింది కుంట నిండేది. తూము తెరిస్తే ఆయకట్టు తడిసేది. ఎండాకాలానికి చాలా కుంటలు అడుగంటేవి. అప్పుడు రైతులు ఒండ్రుమట్టిని బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. నెర్రెలిచ్చిన అడుగుకు గాలి తగిలి, మిగిలిన కుళ్లు కూడా విరిగిపోయేది. పూడికతీతా శుద్ధీ ఏటా సేద్యంలో భాగంగానే జరిగిపోయేవి.

1560ల్లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టిన హుస్సేన్‌సాగర్‌కు మూసీ నీళ్లు తెచ్చింది బుల్కాపూర్ కాలువ. నగరంలో ఆ కాలువ ఇప్పుడు మురుగునాలా. 1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. తాగునీటి అవసరం అటు మళ్లడంతో పాత చెరువైన హుస్సేన్‌సాగర్‌పై కాపలా సడలింది. ఆపైన సనత్‌నగర్, బాలానగర్, జీడిమెట్ల పరిశ్రమల వ్యర్థాలు కూకట్‌పల్లి నాలా గుండా అందులోకే చేరాయి.

చిన్న చెరువులకు దెబ్బ ఇంకోలా తగిలింది. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే శిఖం భూముల్లో కొన్ని పట్టా భూములు. అవి లేఅవుట్లయ్యాయి. ఆయకట్టు కూడా ప్లాట్లు కావడంతో తూముతో పని లేక మూసేశారు. 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువులకు 30 మీటర్లు, అంతకన్నా చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ (కట్టడాలు లేని ఖాళీ జాగా) వదలాలని 2012 నిబంధనలు చెప్పేసరికే చాలాచోట్ల ఇళ్లు లేచాయి.

మురుగు లెక్క చూస్తే గుండె బరువెక్కుతుంది. మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు సరఫరా అయితే అందులో 80 శాతం మురుగవుతుంది. పదివేల మంది బస్తీ నుంచి రోజుకు దాదాపు 11 లక్షల లీటర్లు. ఆవిరి, ఇంకుడు పక్కనపెడితే, 25 ఎకరాల్లో 2 మీటర్ల లోతున్న చెరువును నింపడానికి ఆ ఒక్క బస్తీ మురుగుకు ఆర్నెల్లు చాలు. ఒకప్పుడు వేసవిలో ఎండిన చెరువు ఇప్పుడు ఏడాది పొడవునా నిండుగా ఉండేది ఇందుకే.

అయినా చెరువును బాగుచేసే పని తరచూ కట్ట మీది నుంచే మొదలుపెడతారు: నడకదారి, రెయిలింగ్, దీపాలు. ఇది తలకిందుల వరస. ముందు నాలా ముఖద్వారం దగ్గర మురుగును అడ్డగించి పైపులోకి మళ్లించాలి. ఆ మళ్లింపును ఎండాకాలపు ప్రవాహానికే సరిపడా కట్టడం, జాలీల్లో చెత్త పేరుకుపోవడం వల్ల తొలకరికే అది పొంగుతుంది. నాలా అడుగున కుళ్లిన బురదంతా ఒక్కసారిగా చెరువులో పడి, నీటిలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. తెల్లారేసరికి చేపలు తేలతాయి.

శుద్ధి కేంద్రం కట్టినా చిక్కు మొత్తం తీరదు. మామూలు పద్ధతిలో సేంద్రియ మలినం తగ్గుతుంది గానీ నైట్రోజన్, భాస్వరం చాలావరకు మిగులుతాయి. గుర్రపుడెక్కకు అదే ఎరువు. అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది కాబట్టి యంత్రంతో ఒకసారి తీసి వదిలేస్తే ఫలితం నిలవదు. పైగా అడుగు బురదలో దశాబ్దాల భాస్వరం ఉంటుంది. ఆక్సిజన్ లేనప్పుడు ఆ భాస్వరం మళ్లీ నీళ్లలోకి విడుదలవుతుంది. అందుకే మురుగు ఆగాక చెరువును ఖాళీ చేసి, ఎండబెట్టి, పూడిక ఎత్తాలి. పరిశ్రమల వ్యర్థాలు చేరిన చోట భారలోహాల పరీక్ష చేయకుండా ఆ మట్టిని పొలాలకు ఇవ్వకూడదు. మూసేసిన తూమును కూడా అప్పుడే బాగుచేయాలి. అది పనిచేస్తేనే మళ్లీ ఎప్పుడైనా చెరువును అడుగుదాకా ఎండబెట్టగలం.