అమరావతి మహాచైత్యం: అపోహలు - వాస్తవాలు

అమరావతిలో సందర్శకులకు శిల్పాలను, శాసనాలను వివరించడం నా వృత్తి. కృష్ణానది దక్షిణపు ఒడ్డున ధరణికోటను ఆనుకొని ఉన్న ఈ ఊరు ఒకప్పటి ధాన్యకటక నగరంలో భాగం. మహాచైత్యమంటే ఇక్కడి పెద్ద బౌద్ధ స్తూపం. ఇక్కడ ప్రచారంలో ఉన్న కథలన్నిటిలోనూ కర్తలు దేవతలో, చక్రవర్తులో, మహాచార్యులో అయి ఉంటారు. రాళ్ళ మీద చెక్కిన పేర్లు మాత్రం చాలావరకు మామూలు మనుషులవి. ఈ తేడా తెలియక పుట్టిన అపోహలే ఎక్కువ.

అపోహ: బుద్ధుడు స్వయంగా ధాన్యకటకానికి వచ్చి కాలచక్ర తంత్రమనే గూఢ సాధనా మార్గాన్ని బోధించాడు.

వాస్తవం: ఇది టిబెట్ బౌద్ధుల విశ్వాసం. పురాణగాథల్లోని శంభల రాజ్యపు రాజు సుచంద్రుడి కోరికపై చైత్ర పౌర్ణమి నాడు బుద్ధుడు ఇక్కడ ఆ తంత్రాన్ని ఉపదేశించాడని వారి సంప్రదాయం చెబుతుంది. చరిత్రకు ఆధారమయ్యే ప్రాచీన పాళీ సాహిత్యంలో బుద్ధుడి సంచారమంతా గంగా మైదానంలోనే సాగింది. కాలచక్ర తంత్రం మన దేశంలో ప్రచారంలోకి వచ్చింది సుమారు 11వ శతాబ్దంలో. అంతమాత్రాన ఈ కథను కొట్టిపారేయడం నాకు ఇష్టం ఉండదు. లాసా దగ్గర 1416లో స్థాపించిన డ్రెపుంగ్ మఠానికి ధాన్యకటకం పేరునే టిబెటన్‌లో పెట్టుకున్నారు, 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్ష ఇవ్వడానికి ఈ ఊరినే ఎంచుకున్నారు. బుద్ధుడు వచ్చాడనడానికి ఇవి సాక్ష్యాలు కావు గాని, ఈ క్షేత్రం ఖ్యాతి ఎంత దూరం పాకిందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఆధారాలు లేవు.

అపోహ: స్తూపాన్ని అశోకుడు కట్టించాడు, దాని చుట్టూ ఉన్న శిలాప్రాకారాన్ని ఆచార్య నాగార్జునుడు నిర్మించాడు.

వాస్తవం: ఇక్కడ దొరికిన ఒక శాసన శకలాన్ని కొందరు అశోకుడిదని భావించారు, అందరూ ఒప్పుకోలేదు. క్షేత్రం మాత్రం క్రీస్తుకు పూర్వపుదే. నాగార్జునుడి మాట టిబెటన్ చరిత్రకారుల రచనల్లో ఉంది, ప్రాకారం మీది శాసనాల్లో లేదు. ఆ శాసనాలు ఏ స్తంభాన్ని ఎవరిచ్చారో, ఏ ఫలకాన్ని ఎవరిచ్చారో విడివిడిగా చెబుతాయి. దాతల్లో గృహపతులు, వర్తకులు, భిక్షువులు, భిక్షుణులు, గృహిణులు ఉన్నారు. శాతవాహన రాజు వాసిష్ఠీపుత్ర పులుమావి పేరున్న శాసనంలో సైతం ధర్మచక్రాన్ని ఇచ్చింది రాజు కాదు, ఒక గృహస్థు కుటుంబం.

నేను ప్రతిసారీ కాస్త ఎక్కువ సేపు చెప్పేది పూర్ణఘటం ఫలకం గురించి. నిండు కలశం నుంచి పైకి విచ్చుకొంటున్న తామరలు, మొగ్గలు అందులో కనిపిస్తాయి. దాన్ని దానం చేసినవాడు విధికుడు, వృత్తిరీత్యా చర్మకారుడు, నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తల్లి, భార్య, సోదరులు, కొడుకు, కూతుళ్ళు, జ్ఞాతులు, మిత్రులు, బంధువులు అందరితో కలిసి ఇచ్చిన దానమిదని ప్రాకృతంలో రాయించుకున్నాడు. చర్మకారుడి తండ్రి ఉపాధ్యాయుడు కావడం నాటి సమాజం గురించి మనం అలవాటుగా అనుకొనే చాలా మాటలను ప్రశ్నార్థకం చేస్తుంది. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో నేడు కనిపించే పూర్ణఘటం అమరావతి శిల్పకళ నుంచి తీసుకున్నదే.

అపోహ: ఇవన్నీ పాలరాతి శిల్పాలు.

వాస్తవం: కావు. ఇది పల్నాటి సున్నపురాయి. ఆంగ్లేయులు ‘అమరావతి మార్బుల్స్’ అని పిలవడంతో ఆ మాట అలాగే స్థిరపడిపోయింది.

అపోహ: స్తూపాన్ని ఒకే కాలంలో కట్టి ముగించారు.

వాస్తవం: శతాబ్దాల తరబడి మార్పులు చేస్తూనే వచ్చారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ఒక ఫలకానికి రెండు వైపులా చెక్కడం ఉంది. పాత వైపు బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, నమస్కరిస్తున్న భక్తులు ఉన్నారు. బుద్ధుడి రూపం లేదు. సుమారు మూడు శతాబ్దాల తర్వాత ఆ రాతినే తిప్పి, రెండో వైపు స్తూపాన్నే చెక్కారు. ద్వారం దగ్గర సింహాలు, వేదిక మీద అయిదేసిగా నిలిపిన ఆయక స్తంభాలు, దండలు చుట్టిన అండం (స్తూపపు గుండ్రని గోపురభాగం) అన్నీ అందులో స్పష్టంగా కనిపిస్తాయి. నేడు మిగిలిన తక్కువ ఎత్తు దిబ్బను చూసి నిరాశపడేవారికి నేను ముందుగా ఈ ఫలకం చిత్రమే చూపిస్తాను.

అపోహ: శైవం రాగానే బౌద్ధాన్ని ఒక్కపెట్టున ఊడ్చేశారు.

వాస్తవం: 7వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ అప్పటికే చాలా ఆరామాలు (బౌద్ధ మఠాలు) పాడుపడ్డాయని, ఇరవై వరకు నడుస్తున్నాయని రాశాడు. అంటే క్షీణత నెమ్మదిగా జరిగింది. అమరేశ్వరాలయంలోని స్తంభ శాసనం ఇంకా ఆసక్తికరమైనది. 1182లో కోట వంశపు రెండవ కేతరాజు, తాను శివభక్తుడై ఉండి కూడా, ఇక్కడి బుద్ధదేవుడికి గ్రామాలను, అఖండ దీపాలను సమర్పించాడు. శ్రీలంకలోని గడలదెణియ శాసనం, అంటే 1344 నాటిది, ధర్మకీర్తి అనే స్థవిరుడు (పెద్ద భిక్షువు) ధాన్యకటకంలో ఒక ప్రతిమాగృహాన్ని పునరుద్ధరించాడని చెబుతుంది. శివాలయ స్తంభం మీద బుద్ధుడికిచ్చిన దానం నిలిచి ఉండగా ‘ఊడ్చేశారు’ అనడం ఎలా కుదురుతుంది?

అపోహ: శిల్పాలన్నిటినీ ఆంగ్లేయులే దోచుకెళ్ళారు.

వాస్తవం: నష్టంలో చాలామందికి పాలుంది. 18వ శతాబ్దం చివర జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు ఇక్కడ కొత్త పట్టణం కట్టిస్తున్నప్పుడు, దీపాలదిన్నె అని పిలిచే ఈ మట్టిదిబ్బ నుంచి ఇటుకలు, రాళ్ళు తవ్వుకుపోయారు; కొన్ని శిల్పాలు సున్నపు బట్టీల పాలయ్యాయి. 1845లో ఆంగ్లేయ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించిన ఫలకాల్లో ఎక్కువ భాగం 1859లో లండన్ చేరాయి. ఆ తర్వాత 1880లో మద్రాసు గవర్నరు ఆదేశంతో దిబ్బను అడ్డదిడ్డంగా ఖాళీ చేయించడం, నా దృష్టిలో, లండన్ తరలింపు కంటే పెద్ద అపకారం. ఏ రాయి ఎక్కడ ఉండేదో తెలిపే ఆధారాలు దానితో పోయాయి. బయటపడిన శిల్పాల్లో పెద్ద భాగం ఇప్పటికీ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. 1790ల చివర ఇక్కడికి వచ్చిన బ్రిటిష్ సర్వే అధికారి కాలిన్ మెకంజీ, 1816లో చిత్రకారులతో తిరిగివచ్చి దొరికిన ప్రతి ముఖ్యమైన ఫలకాన్నీ గీయించాడు. ఆ చిత్రాల్లోని కొన్ని శిలలు తర్వాత ఎక్కడా దొరకలేదు.