స్కోరు పదే, మరి జబ్బేది?

భర్త దుబాయిలో, భార్య జగిత్యాలలో. ఉత్తర తెలంగాణలో ఇట్లాంటి ఇండ్లు ఎన్నో. ఆడవాళ్ల లైంగిక ఆరోగ్యాన్ని కొలిచే ఎఫ్‌ఎస్‌ఎఫ్‌ఐ ప్రశ్నపత్రం ఆమె చేతికి ఇచ్చి చూడండి. 2000లో వచ్చిన ఈ పత్రంలో 19 ప్రశ్నలు, అన్నీ గడిచిన 4 వారాల గురించే. కోరిక, ఉద్రేకం, తడి, భావప్రాప్తి, తృప్తి, నొప్పి: ఒక్కోదానికి గరిష్ఠంగా 6, మొత్తం 36. స్కోరు 26.55 దాటకపోతే సమస్య ఉండొచ్చని లెక్క.

ఆ నెలలో ఎలాంటి లైంగిక చర్యా లేకపోతే ఉద్రేకం, తడి, భావప్రాప్తి, నొప్పి నాలుగింటికీ సున్నాలే. నొప్పి దగ్గర మరీ విడ్డూరం. అక్కడ సున్నా అంటే ‘కలవలేదు’ అని. కూడికలో మాత్రం భరించలేని నొప్పి కన్నా హీనంగా పడుతుంది. కోరికకు పూర్తి 6, తృప్తికి వచ్చే వీలున్న 4 వేసినా మొత్తం 10 దాటదు. మొగుడికి సెలవు దొరకకపోవడం ఆమె జబ్బయి కూర్చుంటుంది.

పోనీ శరీరాన్నే అడుగుదామంటే, 1970ల నుంచి పరిశోధనశాలల్లో యోని ఫొటోప్లెథిస్మోగ్రాఫ్ ఉంది. నెలసరిలో వాడే టాంపన్ అంత పారదర్శక గొట్టం; గదిలో ఒంటరిగా ఆమే అమర్చుకుంటుంది. అందులోని చిన్న దీపం యోని గోడ మీద కాంతి వేస్తుంది, తిరిగొచ్చిన కాంతిని సెన్సర్ పట్టుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా గోడలో రక్తం పెరిగి తగ్గుతుంది, దాంతోపాటే కాంతీ ఊగుతుంది. ఉద్రేకంలో ఆ ఊపు పెద్దదవుతుంది. మొదట మామూలు వీడియో, తర్వాత శృంగార దృశ్యం. తనకెంత అనిపిస్తోందో చేతి దగ్గరి మీట జరుపుతూ చెప్పాలి. దగ్గినా, కండరం బిగించినా గీత ఎగిరిపడుతుంది. ఆ ముక్కలు తీసేయాలి. కొలత మిల్లీవోల్టుల్లో వస్తుంది కానీ ‘ఇంతుంటే మామూలు’ అనే గీటు లేదు. అందుకే ఒకామె అంకెను ఇంకొకామె అంకె పక్కన పెట్టలేం.

లైంగికత మీద పరిశోధించే మనస్తత్వవేత్త మెరిడిత్ చివర్స్ బృందం 2010లో పాత అధ్యయనాలను కలిపి చూస్తే, ఒళ్లు చెప్పేదానికీ మనసు చెప్పేదానికీ పొంతన (పూర్తిగా కలిస్తే 1) మగవాళ్లలో 0.66, ఆడవాళ్లలో 0.26. రక్తం చేరడం వేరు, ఇష్టం వేరు. ఇష్టం లేనప్పుడూ చేరొచ్చు.

కాబట్టి క్లినిక్‌లో పత్రం కన్నా ముందు, చివరిసారి ఎప్పుడు కలిశారో అడగాలి. నాలుగు వారాలు దాటితే మొత్తం స్కోరు పక్కన పెట్టి, కోరిక మీది 2 ప్రశ్నలు విడిగా చదవాలి. డిప్రెషన్ మందులు వాడుతోందా, బిడ్డకు పాలిస్తోందా అనీ అడగాలి, వాటివల్లా కోరిక తగ్గొచ్చు. మానసిక వైద్యులు వాడే రోగనిర్ధారణ పుస్తకం డీఎస్‌ఎం-5 ప్రకారం, జబ్బు అనాలంటే ఇబ్బంది కనీసం దాదాపు 6 నెలలు ఉండాలి, అది ఆమెను బాధపెట్టాలి కూడా. ఇవన్నీ అత్తమ్మను బయట కూర్చోబెట్టినాకనే. పక్కనుంటే అన్నిటికీ ఒకటే జవాబు: “మంచిగనే ఉన్న.”